తమ్ముడికి గచ్చిబౌలిలో సీఎల్‌డీ వచ్చింది, ఇక్కడ గట్టు మీద సీఎస్‌ఈ వచ్చేట్టుంది. ఎటు పంపాల?

కల్లూరు_పిల్ల
అందరికీ నమస్కారం. మాది కర్నూలు, కల్లూరు వైపు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. తమ్ముడు ఇంటర్ ఇక్కడే చదివినాడు. యూజీఈఈ అని ఆ కాలేజీ సొంత పరీక్ష రాసి, ఇంటర్వ్యూ కూడా దాటి, హైదరాబాద్ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సీఎల్‌డీ సీటు తెచ్చుకున్నాడు. బీటెక్ కంప్యూటర్ సైన్సు, దాంతోపాటే కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో రీసెర్చి ఎంఎస్. మొత్తం ఐదేళ్లు. ఇంకోపక్క జేఈఈ మెయిన్ ర్యాంకుకు మన జగన్నాథగట్టు ట్రిపుల్ ఐటీ డీఎంలో సీఎస్‌ఈ వచ్చేలా ఉంది.

నాన్న ఏమంటాడంటే, "భాషలు చదవనీకి అంత దూరం, అంత దుడ్డా?" అంటాడు. అమ్మకు పిల్లోడు కళ్లముందు ఉంటే చాలు. బంధువులు ఎవరిని అడిగినా "సీఎస్‌ఈ వదులుకుంటారా, తిక్కా?" అంటాండారు. వాడిని అడిగితే "మీ ఇష్టం" అని గమ్మునుంటాడు. ఫీజు కట్టే గడువు దగ్గరకొచ్చింది. తెలిసినోళ్లు చెప్పండి.

బళ్లారి_చౌరస్తా
రెండూ ట్రిపుల్ ఐటీనే కదమ్మా. ఏదైతే ఏముంది? మా మేనకోడలు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతాంది, ఖర్చు పెద్దగా లేదు. ఇంత ఆలోచన ఎందుకు?

గట్టుమీదోడు
అన్నా, ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ఇడుపులపాయది ఆర్జీయూకేటీ అనే రాష్ట్ర యూనివర్సిటీ కింద 2008లో వచ్చింది. పదో తరగతి మార్కులతో తీసుకుంటారు, ఇంటర్‌తో కలిపి ఆరేళ్లు. మా గట్టు మీదది కేంద్రానిది, 2015లో మొదలైంది, సీటు జోసాలో, అంటే జేఈఈ ర్యాంకులతో దేశం మొత్తానికి జరిగే కౌన్సెలింగ్‌లో. గచ్చిబౌలిది 1998 నాటిది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం స్థలం, భవనాలు ఇస్తే లాభం తీసుకోని పద్ధతిలో ప్రభుత్వం, పరిశ్రమ కలిసి నడిపేది. జోసాలో కనపడదు, దాని అడ్మిషన్ దానిదే.

కల్లూరు అక్కా, నేను ఇక్కడే మూడో సంవత్సరం. ఒక మాట ముందే చెప్తా. "ఇంట్లోంచి పోయొస్తాడు" అని అమ్మ అనుకుంటాంటే ఆ లెక్క తీసేయండి. ఇక్కడ కూడా హాస్టలే. ఆదివారం ఇంటికొచ్చి ఉగ్గాని తినిపోతాడు, అంతే తేడా. మా కాలేజీ కూడా చిన్నదే, సీఎస్‌ఈలో చదువు గట్టిగానే ఉంటుంది, రాజస్థాన్, బీహార్ నుంచి వచ్చినోళ్లతో రూము పంచుకుంటాము. కాకపోతే గేటు దాటితే గాలి, రాళ్లు. ఇంటర్న్‌షిప్ అంటే ఎండాకాలం బెంగళూరుకో హైదరాబాద్‌కో మూట కట్టాల్సిందే.

ఆదోని_పత్తి
ఇంత గొడవ ఎందుకు? ఈఏపీసెట్ ర్యాంకు ఉంటే సీబీఐటీలోనో వాసవిలోనో కన్వీనర్ సీటు పట్టుకోండి. హైదరాబాద్ కూడా అయిపోతుంది, ఫీజు కూడా తక్కువ. మా బావమరిది అట్లనే చదివినాడు.

మాస్టారు_నంద్యాల
అయ్యా ఆదోని, మీ బావమరిది కాలం వేరు. విభజన చట్టం పదేళ్లపాటు ఉమ్మడి ప్రవేశాలు ఉంచింది, అది 2024 జూన్‌తో ముగిసింది. అంతకుముందు మన పిల్లలు పోటీపడిన 15 శాతం సీట్లకు కూడా 2025లో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు మార్చేసింది. ఆ రాష్ట్రంతో చదువుపరంగానో తల్లిదండ్రుల పరంగానో సంబంధం ఉన్నవాళ్లకు తప్ప కన్వీనర్ కోటా దొరకదు. మన కర్నూలు పిల్లలకు ఇప్పుడు హైదరాబాద్‌లో మిగిలినవి దేశం మొత్తానికి తలుపు తెరిచిన సంస్థలు, లేదా మేనేజ్‌మెంట్ సీట్లు. గచ్చిబౌలి మొదటి రకం. అక్కడ లోకల్, నాన్‌లోకల్ లేదు.

బెంగళూరు ఆలోచించేవాళ్లకు కూడా ఇదే మాట. కేసీఈటీ, అదే అక్కడి ప్రభుత్వ పరీక్ష, కర్ణాటక వాళ్లకు. మనకు అక్కడి ప్రైవేటు కాలేజీల పరీక్ష కామెడ్‌కే మిగులుతుంది.

ఎమ్మిగనూరోడు
నేను గచ్చిబౌలిలోనే చదివినాను, ఈసీఈ. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఉద్యోగం. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

చిన్న కాలేజీ అంటే మనోళ్లకు మొదట భవనాలు గుర్తొస్తాయి. క్యాంపస్ 66 ఎకరాలు, అనంతపురం జేఎన్‌టీయూ చూసినోళ్లకు ఇదేం కాలేజీ అనిపిస్తుంది. కానీ చిన్నతనం ఎకరాల్లో తెలీదు. ఒక బ్యాచి మొత్తం కొన్ని వందల మందే, అందులో పెద్ద భాగం పనిచేసేది ల్యాబుల్లో. డ్యూయల్ డిగ్రీ (మీవాడి సీఎల్‌డీ లాగా బీటెక్, ఎంఎస్ కలిపి చదివే) పిల్లోడు రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి ఏదో ఒక రీసెర్చి సెంటర్లో చేరిపోవాల. అక్కడినుంచి వాడి బతుకు ఆ గైడుతో, ఆ ల్యాబులో ఉన్న పదిమందితో. మంచి గైడు దొరికితే నాలుగో ఏడు అయ్యేలోపు వాడు చేసిన పని వేరే దేశంలో కూడా ఎవరో చదువుతారు. గైడుతో కుదరకపోతే మొహం చాటేయనీకి చోటుండదు, ఎందుకంటే అందరికీ అందరూ తెలుసు. థీసిస్ తెమలక ఆరో ఏట్లోకి జారిపోయేవాళ్లు కూడా ఉంటారు. ఇది మీ నాన్నకు ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే బాధపడతాడు.

రెండోది, బ్రాంచిలు. బీటెక్‌లో కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్, వాటి చుట్టూ అల్లుకున్న డ్యూయల్ డిగ్రీలు. మెకానికల్ లేదు, కెమికల్ లేదు. పెద్ద యూనివర్సిటీలో మనసు మారితే పక్క బిల్డింగుకు పోయి కూర్చోవచ్చు, ఇక్కడ పక్క బిల్డింగులో కూడా కంప్యూటర్లే. బ్రాంచి మార్పు మీద ఆశ పెట్టుకుని మాత్రం చేరొద్దు.

మూడోది, మన దగ్గర ఎవరూ చెప్పనిది. జిల్లాలో పేపర్లో ఫొటో పడిన పిల్లోడు అక్కడ క్లాసులో మధ్యలో ఉంటాడు. ఎనిమిదో తరగతి నుంచి ప్రోగ్రాములు రాసినోడు పక్కన కూర్చుంటాడు. ఊరి బావిలో ఈత నేర్చినోణ్ణి తుంగభద్రలో దించినట్టు ఉంటుంది మొదటి సెమిస్టరు. చాలామంది తేలుతారు. తేలేదాకా ఇంట్లోవాళ్లు మార్కులు అడక్కుండా ఉండాల, అంతే.

ఇంగ సిటీ అంటారా. మొదటి ఏడు హైదరాబాద్ చూసేదేమీ ఉండదు. మెస్సు, క్లాసు, అసైన్‌మెంటు, నిద్ర. బాగా ధైర్యం చేస్తే రాత్రిపూట డీఎల్‌ఎఫ్ దగ్గర తిండికి పోతారు. సిటీ ఉపయోగపడేది తర్వాత. కంపెనీల్లో పనిచేసే సీనియర్లు శనివారం నడుచుకుంటూ వచ్చి మాట్లాడిపోతారు. రోడ్డు పట్టుకుంటే సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడ ఎవరో పెద్దాయన ఉపన్యాసం ఉంటే పోయి కూర్చోవచ్చు. ఇంటర్న్‌షిప్ చేస్తూ హాస్టల్లోనే పడుకోవచ్చు. గదికి అద్దె కట్టక్కర్లేదు, ఆ చుట్టుపక్కల అద్దెలు తెలిసినోళ్లకు దాని విలువ అర్థమవుతుంది.

సీక్యాంపు_శారద
అమ్మా కల్లూరు, నేను చదువుల గురించి చెప్పేంతదాన్ని కాదు, తల్లిగా చెప్తాను. మావాణ్ణి వేరే రాష్ట్రంలో ఒక పెద్ద సిటీలో చిన్న కాలేజీలో వేసినాము. పేరు చెప్పను. సెలెక్టివ్ అంటే పిల్లల్ని బాగా చూసుకుంటారనుకున్నాము. వాడికి జ్వరమొచ్చి నాలుగు రోజులు క్లాసుకు పోకపోతే ఎవరూ తలుపు తట్టలేదు. మా వీధిలో పిల్లోడు సాయంత్రం కనపడకపోతే చాలు, ముగ్గురొచ్చి అడుగుతారు. చిన్న కాలేజీలో అందరూ తెలుసు అంటాండారు, మంచిదే. తెలిసినోళ్లు వేరు, పట్టించుకునేవాళ్లు వేరు. అక్కడ కౌన్సెలరు ఉన్నారా, వార్డెను రాత్రిపూట ఫోనెత్తుతాడా, ఇవి అడగండి. ప్యాకేజీల గురించి అందరూ అడుగుతారు, ఇది ఎవరూ అడగరు.

గట్టుమీదోడు
శారదమ్మా, వంద శాతం నిజం. ఇక్కడైనా అంతే.

అప్పుల_లెక్క
బ్యాంకులో పనిచేస్తాను, ఎడ్యుకేషన్ లోన్లు చూసేది నేనే. ఎవరూ దుడ్డు మాట ఎత్తడం లేదు కాబట్టి ఎత్తుతాను.

గచ్చిబౌలిలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి సుమారు 4 లక్షలు. ఐదేళ్లు. హాస్టలు, మెస్సు, ల్యాప్‌టాపు వేరే. పాతిక లక్షలు అనుకుని కూర్చోండి. ఇక్కడ కాలేజీలో కన్వీనర్ సీటుకు వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడికి రాదు.

2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అనే చదువు అప్పుల పథకం తెచ్చింది. ఎంపిక చేసిన మంచి ర్యాంకు కాలేజీల్లో సీటు వస్తే ఆస్తి తాకట్టు అక్కర్లేదు, హామీదారు అక్కర్లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, చదువు అయ్యి తర్వాత ఏడాది దాకా. నాలుగున్నర లక్షల లోపు ఆదాయమైతే వృత్తి విద్యా కోర్సులకు ఆ మారటోరియం (కంతులు కట్టనక్కర్లేని) కాలంలో వడ్డీ మొత్తం మాఫీ అయ్యే పథకం కూడా ఉంది. ఆదాయ ధ్రువపత్రం మీసేవలోనో సచివాలయంలోనో ఇప్పుడే పెట్టేయండి, ఆఖరి వారంలో క్యూ చూడలేము.

20 లక్షలు 9 శాతం వడ్డీకి పదేళ్లు అనుకుంటే నెలకు 25 వేల పైచిలుకు కంతు. చదివినన్నాళ్లు వడ్డీ కట్టకపోతే అది కూడా అసలులో కలిసి ఇంకా పెరుగుతుంది. నెలనెలా ఎంత వీలైతే అంత వడ్డీ కడుతూ పోతే పిల్లోడి నెత్తిన బరువు తగ్గుతుంది. ఉద్యోగం వస్తే ఈ కంతు పెద్ద విషయం కాదు. రాకపోతే మీ నాన్న రిటైర్మెంటు డబ్బుల మీద పడుతుంది. రెండూ ఆలోచించి సంతకం పెట్టండి.

బళ్లారి_చౌరస్తా
చూసినారా. పాతిక లక్షలు పెట్టి తెలుగు వ్యాకరణం చదివిస్తారంట. సీఎస్‌ఈ గట్టు మీద దొరుకుతాంటే.

మాస్టారు_నంద్యాల
బళ్లారి గారూ, తెలుగు వ్యాకరణం చెప్పుకునే బతికినాను, కాబట్టి కోపం తెచ్చుకోను. ఈ పిల్లవాడు చదివేది కంప్యూటర్ సైన్సే. దాని మీద భాషకు సంబంధించిన పరిశోధన. ఆ సంస్థలో భాషా సాంకేతికత కేంద్రం మొదటినుంచీ పేరున్నది. యంత్రానువాదం కోసం అక్కడివాళ్లు పాణిని కారక పద్ధతిని, అంటే వాక్యంలో క్రియకు ఏ మాట ఏమవుతుందో చెప్పే పద్ధతిని తీసుకుని మన భాషలకు అన్వయించారు. ఎందుకంటే ఇంగ్లీషులో మాట స్థానం మారితే అర్థం మారుతుంది. మనకు "రాముడు పామును చంపెను" అన్నా, "పామును రాముడు చంపెను" అన్నా చచ్చింది పామే. ఆ పని చేసేది విభక్తి. ఏడో తరగతిలో మేము డు, ము, వు, లు అని వల్లె వేయించినది కంప్యూటరుకు నేర్పడం అంత సులువు కాదు.

ఇంకో మాట. ఆ సంస్థ పాలకమండలికి అధ్యక్షుడిగా పనిచేసిన రాజ్ రెడ్డి గారిది మన సీమే. శ్రీకాళహస్తి దగ్గర కాటూరు. గిండీలో ఇంజనీరింగ్ చదివి, 1994లో కంప్యూటర్ రంగంలో అతిపెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన మొదట పేరు తెచ్చుకున్నది దేంతో అనుకున్నారు? యంత్రానికి మనిషి మాట అర్థమయ్యేలా చేసే పనితో. ఇడుపులపాయ వెనక ఉన్నది కూడా ఆయన ఆలోచనే.

కల్లూరు_పిల్ల
అందరికీ థాంక్స్. మొన్న ఆదివారం నాన్న, నేను, తమ్ముడు పోయొచ్చినాము. బస్సులో ఆరాంఘర్‌లో దిగి, మెహదీపట్నం పోయి, అక్కడ 216 ఎక్కి ట్రిపుల్ ఐటీ జంక్షన్‌లో దిగినాము. ఆ ఫ్లైఓవర్లు చూసి నాన్నకు అప్పుడే కోపమొచ్చింది.

లోపల ఒక సీనియర్ పిల్లోడు తిప్పి చూపించినాడు, విజయనగరం వైపు వాడు. మాటల్లో సీఎల్‌డీ వాళ్లేం చేస్తారని నాన్న అడిగితే ల్యాప్‌టాప్ తెరిచి, మైకు ముందు పెట్టి, "అంకుల్, మీకు నచ్చింది మాట్లాడండి, ఇది రాస్తుంది" అన్నాడు. నాన్న కాసేపు సిగ్గుపడి, డిపోలో అన్నట్టే అన్నాడు: "గేరుబాక్సు యాడో కొట్టుకుంటాంది, సౌండు ఇనపడ్లేదా నీకి?" తెర మీద గేరుబాక్సు సరిగ్గా వచ్చింది, సౌండు వచ్చింది. "యాడో" కాస్తా "ఏడు" అయింది. "కొట్టుకుంటాంది" మూడు ముక్కలైంది. చివరి "నీకి" ఎగిరిపోయింది. నాన్న నవ్వినాడు, మేమంతా నవ్వినాము. తర్వాత ఇంకోసారి, నిదానంగా, టీవీలో వార్తలు చదివినట్టు చెప్పినాడు. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. అప్పుడు నవ్వలేదు. "అంటే మేము దీనితో మాట్లాడాలంటే మా మాట మార్చుకోవాలన్నమాట" అన్నాడు.

ఇది ఎట్ల సరిచేస్తారని అడిగినాడు. మీలా మాట్లాడేవాళ్ల మాటలు గంటలకొద్దీ రికార్డు చెయ్యాలి, ఎవరో కూర్చుని ఒక్కొక్కటి విని రాయాలి, తర్వాత దానికి నేర్పాలి అని ఆ పిల్లోడు చెప్పినాడు. తిరిగొచ్చేటప్పుడు జడ్చర్ల దాకా నాన్న ఏమీ మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ తమ్ముణ్ణి, "ఆ పని నీకు చేతనవుతుందా?" అని అడిగినాడు.

శారదమ్మా, మీరు చెప్పినవి అడిగినాను. కౌన్సెలరు ఉన్నారంట. వార్డెను సంగతి ఆ సీనియర్‌నే అడిగితే నవ్వి, "రాత్రి పదకొండుకు ఎవరూ పడుకోరు అక్కా ఇక్కడ" అన్నాడు. అది జవాబు కాదనుకోండి.

బళ్లారి_చౌరస్తా
ఒక మెషీను తప్పు రాసిందని పాతిక లక్షలు పెడతారా? ఏఐ వచ్చినాక అదే దిద్దుకుంటుంది, మీరు నేర్పేదేంది?

ఎమ్మిగనూరోడు
దిద్దుకోదన్నా. దానికి మేత కావాల, మన మాట రాతలో ఎంతుంది? మనమే వాట్సాప్‌లో "ఎక్కడ" అని రాసి, నోటితో "యాడ" అంటాము.

కానీ బళ్లారి అన్న అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఈ రంగంలో గాలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే సీఎల్‌డీలో మంచిది ఏందంటే కంప్యూటర్ సైన్సు పునాది ఎటూ పోదు. ప్లేస్‌మెంట్లో సీఎల్‌డీ వాళ్లు సీఎస్‌ఈ వాళ్లు కూర్చునే కంపెనీలకే కూర్చుంటారు. ఒక్కటి చేయండి: పేపర్లలో వచ్చే గరిష్ఠ ప్యాకేజీ చూడొద్దు, అది ఒక్కడిది. మధ్యలో ఉన్నోడికి ఎంత, డ్యూయల్ డిగ్రీ వాళ్లకు విడిగా ఎంత అని అడగండి. గట్టు కాలేజీని కూడా ఇదే ప్రశ్న అడగండి.

గట్టుమీదోడు
అడగండి, మేమేం దాచం 😄 కానీ అక్కా, తమ్ముడు ఏమంటాడో ఇంతవరకు ఎవరికీ తెలీదు. ఇంట్లో నలుగురూ, ఇక్కడ పదిమందీ వాడి గురించి మాట్లాడుతున్నాము. వాణ్ణే రాయమనండి.

కల్లూరు_పిల్ల
వాడే రాస్తాండాడు, నా ఐడీ నుంచే:

అన్నలకు, అక్కలకు, సార్‌కు నమస్కారం. "మీ ఇష్టం" అన్నది ఫీజు చూసినాక. నాన్నను అడగాలంటే నోరు రాలేదు. భాష మీద ప్రేమా అంటే నాకు తెలీదు, ఇంటర్లో తెలుగు కూడా తీసుకోలేదు, సంస్కృతం మార్కుల కోసం తీసుకున్నా. కానీ పరీక్షకు ప్రిపేర్ అయ్యేటప్పుడు పేరు కూడా వినని భాషలో పది వాక్యాలు, వాటి అర్థాలు ఇచ్చి, పదకొండోది మనల్ని రాయమనే లెక్కలు ఉంటాయి. ఫిజిక్స్ చదవాల్సిన టైములో అవే చేస్తూ కూర్చునేవాణ్ణి. ల్యాబులో నాన్న మాట విరిగిపోయినప్పుడు ఎక్కడ విరిగిందో నాకు కనపడింది. క్రియ చివర మన "తాంది"ని అది పట్టుకోలేకపోయింది. అది ఎట్ల చేయాలో నేర్చుకోవాలని ఉంది. గట్టు కాలేజీ కూడా మంచిదే. అక్కడికి పోతే బాధపడను.

మాస్టారు_నంద్యాల
సంస్కృతం మార్కుల కోసం తీసుకున్నావా! పోనీలే నాయనా, విభక్తులైనా వచ్చినాయి.

సీక్యాంపు_శారద
ఏమ్మా, ఇంగ నాన్నకు చెప్పేదేముంది.

అప్పుల_లెక్క
తమ్ముడూ, ఒక పని మరిచిపోవద్దు. జోసాలో సీటొస్తే దాన్ని వెంటనే వదలొద్దు. ఫ్లోట్‌లో, అంటే సీటు ఉంచుకుని తర్వాతి రౌండ్లు కూడా చూసేట్టు పెట్టుకో. గచ్చిబౌలి ఫీజు కట్టి, సీటు ఖాయం అయిందని తేలినాక, గడువు లోపల విత్‌డ్రా చేసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. గడువు దాటితే పోతుంది. తేదీలు పోర్టల్‌లో చూసుకుని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి. లోన్‌కు అడ్మిషన్ లెటరు, ఏడాదివారీ ఫీజు పట్టిక కావాలని కాలేజీని ఇప్పుడే అడగండి. పట్టిక లేకుండా ఏ బ్యాంకూ ఫైలు కదపదు.

కల్లూరు_పిల్ల
నాన్న సరే అన్నాడు. రెండు షరతులు: చదివినన్నాళ్లు వడ్డీ నా జీతంలోంచి నేను, ఆయన కలిసి కడతాము, అసలు వాడు కట్టుకోవాలి. రెండోది, మొదటి సెమిస్టరు మార్కులు ఎవరూ అడగకూడదు. ఈ రెండోది ఎమ్మిగనూరు అన్న రాసింది నేను చదివి వినిపించినాక పెట్టినాడు. అమ్మ ఇంకా ఏడుస్తాంది కానీ పచ్చళ్ల జాడీలు కడుగుతాంది కూడా.

ఇంటర్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలా, కాలేజీకి పోవాలా?

గట్టుమీదోడు
ఆన్‌లైన్‌లోనే పెట్టండి అక్కా. టీసీ మాత్రం కాలేజీకి పోయి తెచ్చుకోవాల. జిరాక్సులు ఎక్కువ తీసి పెట్టుకోండి.

అనంతపురం_టవర్‌క్లాక్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా పాపకు ఈఏపీసెట్‌లో ఇక్కడి జేఎన్‌టీయూలో ఈసీఈ వచ్చేట్టుంది, బెంగళూరులో కామెడ్‌కే ద్వారా సీఎస్‌ఈ కూడా. మాకు బెంగళూరే దగ్గర. ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా?

ఎమ్మిగనూరోడు
కొత్త థ్రెడ్ పెట్టండి సార్, ఇక్కడైతే ఎవరికీ కనపడదు. కాలేజీ పేరు, ఫీజు, పాప దేనికి మొగ్గుతోందో అన్నీ మొదటి పోస్టులోనే రాయండి.